మెత్తని నీళ్లు

తొట్టిలో గింజలు ఇంకా పసుపు నీళ్లు వదులుతూనే ఉన్నాయి. బాబాయి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి పైకి తిప్పి, పైన తేరిన నీటిని వంచేశాడు. మళ్లీ నీళ్లు పోశాడు. మళ్లీ తిప్పాడు. ఆవగింజల కన్నా సన్నగా, తేనె రంగులో ఉండే ఆ రెజిన్ గింజలు వేళ్ల సందుల్లోంచి జారిపోతుంటే చేపగుడ్లను పట్టుకున్నట్టుంటుంది. నిన్నంతా వాటిని నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టాడు. మూతపడిన ఒక లాడ్జిలో ఏళ్ల తరబడి సున్నపు నీళ్లను మెత్తబరిచిన సాఫ్ట్‌నర్ మిషను కడుపులోవి అవి. ఎంతమంది స్నానాల తుప్పు మింగిందో ఏమో, అంత తేలిగ్గా కక్కదు.

పెరటి గుమ్మం దగ్గర ఆయన భార్య గొట్టం పట్టుకుని నిలబడింది. ఎప్పుడు నీళ్లు వదలాలో, ఎప్పుడు ఆపాలో ఆమెకు చెప్పనక్కర్లేదు. తొట్టిలోకి చూస్తుంది, వేలితో గొట్టం మూతి నొక్కుతుంది, వదులుతుంది. నీళ్లు తేటబడ్డాక గొట్టాన్ని చుట్ట చుట్టి గోడకు తగిలించింది.

"ఇదిగో, టీ చల్లారిపోతోంది" అంది.

"ఇదిగో, వస్తున్నా" అన్నాడు.

వాళ్లిద్దరి మధ్య పిలుపులన్నీ అంతే. ఆ ఇంట్లో ఇద్దరు మనుషులున్నారు, ఇద్దరి పేరూ 'ఇదిగో'నే అని ఇరుగుపొరుగు నవ్వుకుంటారు. నవ్వులాటకు బాగానే ఉంటుంది. దాని వెనక సంగతి తెలిసినవాళ్లు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు. ఆమె ఆయనకు వదిన. అన్న చనిపోయిన ఏడాదే పెద్దలు కూర్చుని మాట్లాడారు. చంటిపిల్ల తల్లి, ఒంటరిది, ఎక్కడికి పోతుంది అన్నారు. పెళ్లికాని మరిది ఇంట్లోనే ఉన్నాడుగా అన్నారు. ఇద్దరినీ ఎవరూ ఏమీ అడగలేదు, ఇద్దరూ ఏమీ అనలేదు. ముందురోజు దాకా 'వదినా' అని పిలిచిన నోటికి మర్నాడు ఆ మాట పనికిరాకుండా పోయింది. దాని స్థానంలోకి ఇంకో మాట రానేలేదు. చంటిపిల్ల మాత్రం తన పిలుపు మార్చుకోలేదు. దానికి ఆయన బాబాయి, అంతే. దాని నోటి నుంచి పక్కింటి పిల్లలకు, వాళ్ల నుంచి సామాన్ల కొట్టు వాళ్లకు, అక్కడి నుంచి వీధులన్నిటికీ ఆ పిలుపు పాకిపోయింది. తనకన్నా పెద్దవాళ్లు కూడా బాబాయ్ అనే పిలుస్తారు. పిలిస్తే పలుకుతాడు. నాన్నా అని పిలిచినవాళ్లు ఎవరూ లేరు.

టీ తాగి, గింజలను సంచిలోకి ఎత్తి, సాఫ్ట్‌నర్ డబ్బానూ ఇసుక సిలిండరునూ ట్రాలీ బండి మీదికి చేర్చి తాడు బిగించాడు. ఆమె అన్నం డబ్బా తెచ్చి సీటు కింద పెట్టింది. ఆయన వెళ్తున్నానని చెప్పలేదు. ఆమె వెళ్లిరమ్మనలేదు.

పని ఉన్న ఇల్లు వీధి చివర. ముందు వరండా, వెనక పొడుగాటి పెరడు, పెరటి మధ్యలో బావి. బావి మీద రేకు, రేకు మీద రాళ్లు. మొన్న బ్లీచింగ్ పోయడానికి వచ్చినప్పుడు ఆ రాళ్లు బాబాయే తీసి పక్కన పెట్టాడు. ఇప్పుడు చూస్తే ఎవరో మళ్లీ ఎక్కించారు.

ఆ ఇంటి కొడుకు గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్నాడు. సన్నటి మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి మొహం కేసి కాక చొక్కా గుండీల కేసి చూస్తాడు.

"సాయంత్రానికి అయిపోతుందా బాబాయ్?"

"అయిపోతుంది బాబూ."

"వాసన కూడా?"

"వాసన మొన్న పోసిన మందుకే చాలావరకు పోయింది. ఎరుపుని ఇదిగో, ఈ ఇసుక సిలిండరు పట్టేస్తుంది. మిగిలిన సున్నం సంగతి సాఫ్ట్‌నర్ చూసుకుంటుంది."

అతను తల ఊపి, పెరటి వైపు తిరగకుండానే పనికి వెళ్లిపోయాడు.

పెద్దావిడ వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. మోకాళ్లు పనిచేయవు. నోరు మాత్రం రెండు మోకాళ్ల పనీ కలిపి చేస్తుంది.

"పెళ్లి పెట్టుకున్న ఇంట్లోకి పాత మిషను తెచ్చావేమయ్యా?"

"డబ్బా పాతదమ్మా. లోపల గింజ మంచిది."

"ఏమో! తోమిన బిందె తోమినట్టే ఎర్రబడుతోంది. బట్టలకు తుప్పు మరకలు. కుళ్లిన కోడిగుడ్డు కంపు. ఏడాదిగా ట్యాంకరు నీళ్లతో నెట్టుకొచ్చాం. రేపు చుట్టాలొస్తే ఎంతమందికి చాలతాయి? బావి ఉండి కూడా నీళ్లు కొనుక్కోవడమేంటని మా వాడే మొన్నామధ్య తెరిపించాడు."

మూడేళ్ల పిల్ల లోపలినుంచి పరిగెత్తుకొచ్చి ట్రాలీ చక్రాన్ని పట్టుకుంది. దాని వెనకే ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై దాటి ఎక్కువ కాలం అయినట్టు లేదు. చేతులకు పిండి.

"పిన్నీ, బండి!" అంది పిల్ల.

"పిన్ని కాదే, అమ్మ" అంది పెద్దావిడ పీట మీద నుంచే. "అమ్మ అను. ఎన్నిసార్లు చెప్పాలి?"

పిల్ల ఇద్దరి మొహాలూ చూసి, ఏదీ అనకుండా చక్రం వెనక దాక్కుంది. బాబాయి చేతిలోని రెంచి నట్టు మీద జారింది. మళ్లీ పట్టుకున్నాడు.

ఈ ఇంటి సంగతి ఆయనకు తెలుసు, అందరికీ తెలుసు. నిరుడు ఈ ఇంటి కోడలు కాలు జారి బావిలో పడిపోయింది. అందరూ ఆ మాటే అంటారు, ఆ మాట దగ్గరే ఆపేస్తారు. నీళ్లన్నీ తోడించి, అడుగు శుభ్రం చేయించి మూత వేశారు. పిల్లను చూసుకోవడానికి నాలుగు రోజులుండి వెళ్దామని వచ్చిన ఆమె చెల్లెలు, ఈ అమ్మాయి, ఏడాదైనా వెళ్లలేదు. వచ్చే వారం బావతో పెళ్లి.

వంటింటి వెనక గోడవారగా ఇటుకలు పరిచి చదును చేశాడు. ముందు ఇసుక సిలిండరు, దాని పక్కన సాఫ్ట్‌నర్, దాని పక్కన ఉప్పు డబ్బా. సాఫ్ట్‌నర్ నడిమి పైపు మూతికి గుడ్డ చుట్టి, దాన్ని సరిగ్గా మధ్యలో నిలబెట్టి, చుట్టూ గరాటుతో గింజలు పోశాడు. గుడ్డ తీసేసి, పైన వాల్వు తల పెట్టి తిప్పాడు. పాత రబ్బరు రింగులు ఎండిపోయి పగిలాయని ఇంటి దగ్గరే కొత్తవి వేశాడు. వాటికి వేలితో గ్రీజు రాసి, చెయ్యి ఆగేదాకా బిగించి, అక్కడితో వదిలేశాడు. ఎక్కువ బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. ఎంత దాకా బిగించాలో చేతికి తెలియాలి, బలానికి కాదు.

అంతా కలిపి మోటారు వేస్తే నీళ్లు రాలేదు. మోటారు ఉత్తి గాలి పీల్చి ఏడుస్తోంది. బావి లోపల పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు దగ్గర ఏదో అడ్డుపడి ఉండాలి. అంటే రేకు తీయాలి. లోపలికి చూడాలి.

బాబాయి కాసేపు గట్టు పక్కన నిలబడ్డాడు. మొన్న బ్లీచింగ్ నీళ్లు పోసినప్పుడు మొహం పక్కకు తిప్పుకుని పోశాడు. ఇన్నేళ్లుగా ఎన్ని బావుల నీళ్లు బాగుచేశాడో లెక్కలేదు, ఒక్కదానిలోకీ తొంగి చూడలేదు. ఎవరైనా అడిగితే కళ్లు తిరుగుతాయంటాడు.

రాళ్లు దించాడు. రేకు జరిపాడు. చల్లటి గాలి మొహానికి తగిలింది. అడుగున నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. వాటి మధ్యలో తన తల, దాని వెనక ఆకాశం ముక్క. పైపును రెండు చేతులా పట్టుకుని పైకి లాగబోయాడు. పైపు కింద ఎక్కడో ఇరుక్కుని, ఒక్క కుదుపుతో చేతుల్లో అదిరింది.

చేతులు వదిలేశాయి. పైపు గట్టుకు తగిలి ఠంగుమంది.

ఒకప్పుడు తనూ అన్నా బావుల్లో పూడిక తీసేవాళ్లు. అన్న లోపల, తమ్ముడు పైన. ఒకసారి తాడు లాగితే బకెట్టు నిండిందని. రెండుసార్లు లాగితే మనిషిని పైకి తియ్యమని. ఆ రోజు దిగిన బావి చాలాకాలంగా మూసి ఉన్నది. గాలి చెడిపోయి ఉంటుందని, ముందు దీపం దించి చూడాలని అప్పట్లో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. అన్న పాట పాడుకుంటూ దిగాడు. పాట మధ్యలో ఆగింది. ఊపిరి తీసుకోవడానికి ఆగాడేమో, గుటక వేసుకుంటున్నాడేమో అనుకున్నాడు తమ్ముడు. తాడు పట్టుకుని చూస్తున్నాడు. ఒకసారీ లాగలేదు, రెండుసార్లూ లాగలేదు. తాడు అలా చేతిలో వదులుగా వేలాడుతూనే ఉంది.

ఆ తర్వాత ఆయన బావుల నుంచి పైపుల్లోకి వచ్చేశాడు. మేస్త్రి అయ్యాడు, తల నెరిసింది. కానీ అన్నం తింటున్నప్పుడో, బజారులో నడుస్తున్నప్పుడో, పక్కన ఆమె నిద్రపోతున్నప్పుడో అరచేతిలో తాడు లాగినట్టు ఉంటుంది. ఒకసారి. రెండోసారి కోసం ఆగుతాడు. రాదు.

"ఏమైందండీ?"

ఆ అమ్మాయి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గట్టుకు కాస్త దూరంలో ఆగిపోయింది.

"ఏం లేదమ్మా. పైపు కొంచెం మొండికేసింది. ఇటు ఒక చెయ్యి వెయ్యగలవా?"

వేస్తుందనుకోలేదు. కానీ ఆమె వచ్చి పైపు పట్టుకుంది. ఇద్దరూ కలిసి కొంచెం కొంచెంగా పైకి లాగారు. ఫుట్‌వాల్వు జాలీకి ఎర్రటి బంక పట్టుకుని ఉంది. ఇనుము తిని బతికే సూక్ష్మజీవులు చేసే బంక అది. బాబాయి బ్రష్షుతో తోమి కడుగుతుంటే ఆమె దాన్నే చూస్తూ నిలబడింది.

"ఈ మిషను పెడితే నీళ్లలో ఉన్నదంతా పోతుందా?"

"ఇనుము పోతుంది. సున్నం పోతుంది. వాసనా పోతుంది."

"ఇంకేమీ మిగలదా?"

బాబాయి బ్రష్షు ఆపాడు.

"నేను ఈ నీళ్లు తాగనండీ" అందామె, గొంతు తగ్గించి. పెద్దావిడ కునికిపాట్లు పడుతోందో లేదో వంటింటి వైపు ఒకసారి చూసుకుంది. "తెరిచినప్పటి నుంచి వీటితోనే వండుతున్నా, అందరికీ పెడుతున్నా. గ్లాసు నోటి దగ్గరికి తెచ్చుకుంటే మాత్రం గొంతు దిగదు. బియ్యం కడుగుతుంటే అక్క నా చేతుల మీదుగా జారిపోతున్నట్టుంటుంది. మధ్యాహ్నం పూట ఇల్లంతా పడుకున్నాక బావిలో చేద పడిన చప్పుడు వినిపిస్తుంది. ఇక్కడ చేదే లేదు. ఎప్పుడో తీసేశారు."

"ఇంట్లో చెప్పావా?"

"చెబితే భయపడ్డావంటారు. పెళ్లయితే సర్దుకుంటుందంటారు. అందరూ మంచివాళ్లేనండీ, అదే బాధ. బావ పల్లెత్తు మాట అనడు. అత్తయ్య కసురుకున్నా కడుపులో ఏమీ ఉండదు. మా నాన్న సంగతి చెప్పక్కర్లేదు, పిల్ల మొహం చూడమ్మా అని ఏడుస్తాడు. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి." తను అన్న మాట తనకే తగిలినట్టు ఆగింది. తర్వాత చెయ్యి చాచి గట్టు మీద పెట్టింది. గట్టు ఆమె నడుము దాటి ఉంది. "కాలు జారిందంటారు. మీరు ఇన్ని బావులు చూశారు కదా. మీరు చెప్పండి."

చెప్పకుండా ఉండటం బాబాయికి బాగా అలవాటు. నీళ్లు నమలడంలో ఆయన్ను మించినవాడు లేడు. ఏమోనమ్మా అంటే సరిపోతుంది. దేవుడికే తెలియాలి అంటే సరిపోతుంది. ఆయన గట్టును పైనుంచి కింది దాకా చూశాడు, ఆ అమ్మాయి మొహం చూశాడు.

"ఈ గట్టు మీద నుంచి కాలు జారడం ఉండదమ్మా" అన్నాడు.

ఆమె ఏడవలేదు. ఏడాదిగా భుజం మీద మోస్తున్నదాన్ని ఎవరో ఒక చెయ్యి వేసి దించినట్టు గట్టుకు ఆనుకుని నిలబడింది.

"అక్కకి ఇక్కడ ఏం కష్టమో నాకు తెలియదు" అంది. "ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఉత్తరాల్లో అంతా బాగానే ఉందని రాసేది. బాగున్నావా అని ఎదురుగా కూర్చుని ఎవరూ అడగలేదేమో. నేనూ అడగలేదు."

బాబాయి ఫుట్‌వాల్వును తుడిచి పక్కన పెట్టాడు. తను ఎందుకు మాట్లాడుతున్నాడో తనకే తెలియలేదు.

"మా అన్న ఇలాంటి బావిలోనే పోయాడమ్మా. పూడిక తీయడానికి దిగి. వదినని నాకిచ్చి చేశారు. పిల్ల కోసమే. మా పిల్ల కూడా నన్ను ఇప్పటికీ బాబాయ్ అనే అంటుంది."

ఆ అమ్మాయి తలెత్తి చూసింది.

"మీ ఆవిడ సుఖపడ్డారా?"

"ఎప్పుడూ అడగలేదు."

"ఇన్నేళ్లలోనా? ఎందుకని?"

ఆయన అరచేతులు చూసుకున్నాడు. చెమ్మకు ముడతలు పడి తెల్లబడ్డాయి.

"అడిగితే చెబుతుందేమోనని."

ఇద్దరూ కలిసి పైపును మళ్లీ లోపలికి దించారు. ఆమె వెళ్లిపోతుందనుకుంటే, రేకు ఒక అంచు పట్టుకుని మూయడానికి సాయం చేసింది. రాళ్లు మాత్రం ఎత్తనివ్వలేదు.

"రాళ్లు వద్దండీ" అంది. "మొన్న మీరు దించినవి మళ్లీ ఎక్కించింది నేనే. ఇంక వద్దు."

ఈసారి మోటారు వేస్తే నీళ్లు అందాయి. ఇసుక సిలిండరులోంచి మొదట చిక్కటి ఎరుపు, తర్వాత టీ రంగు, తర్వాత పసుపు కాలవలోకి పోయాయి. అవి తేటబడ్డాక బాబాయి సాఫ్ట్‌నర్ వాల్వు తిప్పాడు. ఉప్పు డబ్బాలో గళ్ల ఉప్పు నింపి నీళ్లు పోశాడు. మీట కడిగే వైపు పెట్టగానే డబ్బా లోపల నీళ్లు కింది నుంచి పైకి తోసుకొచ్చి, గింజలన్నిటినీ లేపి గలగలమని తిప్పాయి. తర్వాత మెల్లగా ఉప్పునీళ్లు పీల్చుకోవడం మొదలుపెట్టింది. ఈ పనిలో తొందర కుదరదు. పక్కన కూర్చుని వింటూ ఉండాలి. డబ్బా మీద చెవి పెడితే దూరంగా ఎక్కడో వాన పడుతున్నట్టు ఉంటుంది.

అన్నం డబ్బా తెరిచి గోడ నీడన తిన్నాడు. ఏమేం పెట్టిందో చూడకుండానే తినే అలవాటు ఆయనది. ఈ రోజు చూశాడు. ఆయనకు ఇష్టమైనవి పైన, సులువుగా అందేలా సర్ది ఉన్నాయి. ఎప్పుడూ అలాగే సర్దుతుందా, ఈ రోజే సర్దిందా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

కడగడం అయిపోయాక మీటను వాడుక వైపు మార్చి, వంటింటి వెనక కుళాయి విప్పాడు. నీళ్లు తెల్లగా, మెరుస్తూ వచ్చాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏ వాసనా లేదు. నాలుక మీద వేసుకున్నాడు.

"అమ్మాయ్! సబ్బు తెచ్చి ఏదైనా ఒక బట్ట ఉతికి చూడు. నురుగు బాగా వస్తే పని అయిపోయినట్టే."

ఆమె పిల్ల గౌను ఒకటి తెచ్చింది. ఒకప్పుడు తెల్లనిదే. ఇప్పుడు అంచులన్నీ తుప్పు మరకలతో గోధుమ రంగులోకి తిరిగింది. బాబాయి సంచిలో మిగిలిన నిమ్మఉప్పు చిటికెడు మరకల మీద చల్లాడు. ఆమె కింద కూర్చుని సబ్బు రుద్దింది. చేతుల నిండా నురుగు పొంగింది, మణికట్లు దాటింది, పిల్ల కేకలు వేస్తూ దాన్ని రెండు చేతులా ఎత్తి పైకి ఊదింది. ఆ చప్పుడుకు పెద్దావిడ నిద్ర లేచింది.

"ఏం నురుగే తల్లీ! సబ్బు అరిగిపోతుంది, చాలు" అంది కాని గొంతులో సంతోషం దాగలేదు. "బాబాయ్, నీ చెయ్యి చల్లన. పాతదో గీతదో, పని చేస్తోంది."

గౌను జాడించి, పిండి, ఆమె తీగ మీద ఆరేసింది. తర్వాత లోపలికి వెళ్లింది.

బాబాయి జాయింట్లన్నీ పొడిగుడ్డతో తుడిచి, ఎక్కడైనా చెమ్మ ఊరుతోందేమోనని వేలితో తడిమి చూస్తున్నాడు. ఆమె బయటికి వచ్చింది. చీర మార్చుకుంది. ఒక చేతిలో చిన్న సంచి, చంకలో పిల్ల.

"అత్తయ్యా, నాన్న దగ్గరికి వెళ్లొస్తా. పిల్లని కూడా తీసుకెళ్తున్నా. చూడాలంటున్నాడు."

"ఇప్పుడా? పెళ్లి పనులు నెత్తి మీద ఉంటేనూ!" పెద్దావిడ గొణిగింది. వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. "సరేలే, పెళ్లి కాకముందే వెళ్లిరావడం మంచిది. మళ్లీ కుదరదు. బస్సు దొరుకుతుందా?"

"దొరుకుతుంది."

"మరీ ఉండిపోకు."

ఆమె వంగి పెద్దావిడ పీట పక్కన మంచినీళ్ల గ్లాసు నింపి పెట్టింది. మోకాళ్లకు రాసే నూనె సీసా అందేటంత దగ్గరికి జరిపింది. పెరట్లోకి వచ్చి, బావిని దాటి, బాబాయి దగ్గర ఆగింది.

"నీళ్లు బాగు చేశారండీ" అంది.

"జాగ్రత్తమ్మా."

ఆయన ఆమె కళ్లలోకి చూశాడు. పెళ్లికి ఇక తిరిగి రాదు. ఆ సంగతి పీట మీది మనిషికి తెలియదు, సాయంత్రం బూట్లు విప్పుకునే మనిషికీ తెలియదు. ఒక్క మాట అంటే చాలు, ఆగిపోతుంది. ఆయన గుడ్డను మడిచి భుజం మీద వేసుకుని, పెరటి తలుపు గడియ తీసి పట్టుకున్నాడు.

"పిన్నీ, మనం బస్సెక్కుతామా?" అంది పిల్ల.

"ఎక్కుతాం" అంది. పిలుపు దిద్దలేదు.

సందు మలుపు దాకా వాళ్లు కనిపించారు. పిల్ల ఆమె భుజం మీద నుంచి వెనక్కి చూస్తూ చెయ్యి ఊపింది. ఎవరికి ఊపుతోందో తెలియలేదు, ఇంటికో, బండికో. తర్వాత మలుపు ఖాళీగా ఉంది. కాసేపటికి పెద్దరోడ్డు మీద బస్సు ఆగిన చప్పుడు, కదిలిన చప్పుడు వినిపించాయి.

బాబాయి సామాను సర్దుకున్నాడు. రెంచి, గరాటు, మిగిలిన రింగులు, ఖాళీ ఉప్పు సంచి. ఇంటికి వెళ్లాలి. అక్కడ ఒక మనిషి గొట్టం చుట్ట చుట్టి గోడకు తగిలించి, సాయంత్రం పనుల్లో ఉంటుంది. గుమ్మంలోకి వెళ్లి ఇదిగో అంటే ఇదిగో అంటుంది. ఆ తర్వాతి మాట ఏమిటో నోట్లో వెతుక్కున్నాడు. దొరకలేదు. ట్రాలీ తాడు బిగించాడు.

"బాబాయ్, ఆ గౌను ఆరిందేమో చూసి అలా గుమ్మంలో పడేసి వెళ్లు" అని లోపలినుంచి పెద్దావిడ కేకేసింది. "తీసుకెళ్లడం మర్చిపోయినట్టుంది పిచ్చిది."

ఆయన తీగ దగ్గరికి వెళ్లాడు. చెయ్యి చాచాడు, తీయలేదు. గౌను ఇంకా ఆరలేదు. గాలికి చిన్న చేతులు రెండూ లేచి పడుతున్నాయి. అంచు నుంచి నీళ్లు ఒక్కో చుక్కా కింది సిమెంటు మీద రాలుతున్నాయి, రాలిన చోట మరక లేకుండా ఆరిపోతున్నాయి.